ద్వీపాంతరవాసము

సంస్కృతమునుండి మన భాషలోనికి వచ్చి నిలిచిన మాటలలో ‘ద్వీపాంతరవాసము’ ఒకటి. అక్షరార్థమును బట్టి చూచినచో ఇందు భయపడవలసినది లేదు. వేరొక దీవియందు నివసించుట అని మాత్రమే. అయినను మన తాతల నాటివారికి ఈ మాట చెవిని పడినంతనే ఒడలు జలదరించెడిది. ఉరిశిక్షకు దిగువ మెట్టు అదియే. అండమాను దీవి, అచట 1906లో కట్టుట ముగిసిన సెల్యులర్ జైలు, చుట్టును నల్లనీరు, తిరిగి రాని మనుష్యుడు, ఇవి యన్నియు ఆ యొక్క సమాసములో ఇమిడి యుండెను. నేడు ఆ జైలును చూచి వచ్చుటకు జనులు టిక్కెట్టు కొనుచున్నారు. మా వేములవాడ బస్టాండు దాపున కరెంటు స్తంభముమీద, మధ్యధరా సముద్రమునందలి మాల్టా దీవిలో వంటవారును వడ్డించువారును కావలెనను కాగితము అంటించి యున్నది. ద్వీపాంతరవాసము కొరకు మన పిల్లలు భూములమ్ముటకు సిద్ధముగా నున్నారు. శిక్ష వరమైనదా, లేక వరము వేషమున శిక్షయే వచ్చినదా యని విచారించుటకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆంగ్లమున ఈ విషయమును గూర్చి వచ్చు వ్యాసముల ధోరణి వేరు. వానమబ్బు విడువని దేశములలో నలువది యేండ్లు కొలువు చేసి విశ్రాంతి పొందిన దంపతులు సైప్రసునకో మాల్టాకో మకాము మార్చుటకు ఏమేమి చూచుకొనవలెనో అందు వివరింతురు. ఇంటి అద్దె, పన్నులు, వైద్యుడు, పెంపుడు కుక్కను విమాన మెక్కించు పద్ధతి, అన్నియు అందుండును. ఏడాదిలో అత్యధిక దినములు ఎండ కాయునని ఊరింతురు. రోహిణి కార్తెలో రోళ్లు పగులునని సామెత గల మనకు ఎండను సరకుగా అమ్ముట చూచి నవ్వు వచ్చును. కాని ఆ నవ్వులో ఒక సత్యము దాగియున్నది. ఎండలో కూర్చుండువానికి ఎండ భాగ్యము; ఎండలో పనిచేయువానికి అది కూలి. ఒకే విమానములో ఒకే దీవికి పోవు ఇరువురిలో మొదటివానిని ఆంగ్లమున ఎక్స్‌పాట్ అందురు. రెండవవానిని మైగ్రెంట్ అందురు. నిఘంటువు ఈ భేదమును సరిగా చెప్పజాలదు. వారి వారి చేతిలోని కాగితములు చెప్పగలవు.

ఆ కాగితములకు వెల కూడ కట్టబడినది. ఇరువది లక్షల యూరోలు పెట్టుబడి పెట్టిన విదేశీయునకు సైప్రసు ప్రభుత్వము పౌరసత్వము నిచ్చుచుండి, లోకనింద వచ్చిన మీదట 2020 నవంబరులో ఆ పద్ధతిని మానుకొనెను. మాల్టా వారు ఆరు లక్షల యూరోలును, మూడేండ్ల నివాసమును, మరికొన్ని వ్యయములను కోరిరి. ఇట్లు పౌరసత్వమును విక్రయించుట ఐరోపా చట్టమునకు విరుద్ధమని 2025 ఏప్రిల్ 29న ఐరోపా న్యాయస్థానము తీర్పు చెప్పినది. ధనవంతుడు దీవిని కొనుక్కొని పోవును. మనవాడు తన భూమిని అమ్ముకొని పోవును. ఇరువురును సొమ్ము చెల్లించినవారే. కాని ఒకడు హక్కును కొనెను, ఒకడు కొలువును కొనెను.

దీవి యనగా శిక్ష యనుట మనవారికి మాత్రమే తోచిన భావము కాదు. రోమను చక్రవర్తి అగస్టసు తన కన్నకూతురు జూలియాను క్రీస్తునకు పూర్వము 2వ సంవత్సరమున పాండటేరియా యను చిన్న దీవికి వెడలగొట్టెను. వెంటోటెనె యని నేడు పిలువబడు ఆ దీవియందే ముస్సోలినీ తన ప్రతిపక్షులను నిర్బంధించెను. అచట బందీలుగా నుండిన స్పినెల్లి, రోసీ యనువారు 1941లో ఐరోపా దేశము లన్నియు ఏకము కావలెనని ఒక ప్రణాళిక వ్రాసిరి. అట్టి ఐక్యము తరువాత నిజముగా ఏర్పడి, 2004లో సైప్రసును మాల్టాను తనలో చేర్చుకొనెను. ఆ యెండ, ఆ నీలిసముద్రము నాడును నేడును ఒక్కటియే. జూలియాకు అది కారాగారము. వేసవి యాత్రికునకు విహారభూమి. కనుక సుఖము గాని దుఃఖము గాని దీవిలో లేదు; పోవువాడు ఏ షరతుమీద పోయెనో దానిలో నున్నది.

మన ధర్మశాస్త్రములు సముద్రయానమును పాతకములలో చేర్చినవి. బౌధాయనుని సూత్రములలో పతనీయములను లెక్కించుచోట సముద్రయానమే మొదట వచ్చును. 1888లో మోహనదాసు గాంధీ ఇంగ్లండునకు పోవనుండగా బొంబాయిలోని ఆయన కులపెద్దలు ఆయనను వెలివేసిరి. సంఘసంస్కర్తలు ఈ నిషేధముతో పోరాడి గెలిచిరి. నేడు ఓడ యెక్కిన వానిని గాని విమాన మెక్కిన వానిని గాని ఏ కులమును వెలివేయదు. అయినను ప్రాయశ్చిత్తము మాత్రము పోలేదు. దాని కాలము మారినది. నాడు అది తిరిగి వచ్చిన పిదప పురోహితుని యెదుట జరుగుచుండెను. నేడు బయలుదేరక పూర్వమే ఏజెంటు యెదుట జరుగుచున్నది, మిత్తితో సహా.

మా ప్రాంతమునుండి జనులు వలస పోవుట నిన్న మొన్నటి మాట కాదు. దాపుననే యున్న సిరిసిల్ల పద్మశాలీలు మగ్గము పట్టుకొని భివండికి, షోలాపూరునకు, సూరతునకు పోయిరి. సిరిసిల్లలో సాంచాలు వచ్చిన తరువాత కొందరు ఊరిలోనే నిలిచిరి; నూలు ధర పెరిగినపుడును, గుడ్డకు బేరము లేనపుడును ఆ సాంచాలే ఆగిపోయి మరల వలస బాట చూపినవి. 1973లో చమురు ధర పెరిగిన తరువాత అరబ్బు దేశములలో కట్టడములు బయలుదేరినవి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల పల్లెలలోని మగవారు దుబాయి, మస్కటు, సౌదీ, బహ్రెయిను బాట పట్టిరి. ఇంటియొద్ద ఆడవారు చాట ముందు పెట్టుకొని బీడీలు చేయుచు వారికొరకు ఎదురుచూచిరి. ఈ రెండు దృశ్యములును కలిసినదే మా ప్రాంతపు సంసారము.

నా తమ్ముడు 2009లో బహ్రెయినునకు పోయినాడు. బహ్రెయిను కూడ దీవియే. అరబ్బీలో ఆ పేరునకు రెండు సముద్రములని అర్థము. పూర్వము ముత్యములకు ప్రసిద్ధి. 1932లో అచట చమురు బయలుపడెను. పరదేశమే యైనను అది మనకు మిక్కిలి దూరము కాదు. 1965లో తమ దీనారును ప్రవేశపెట్టువరకు అచట చెల్లుచుండినది మన రూపాయియే. నాడు మన రూపాయి ఆ దీవిలో రాజువలె తిరిగినది. నేడు మన మనుష్యుడు అచటి దీనారునకై కూలివాడై తిరుగుచున్నాడు.

తమ్ముడు చల్లని గాలి యంత్రములను మరమ్మతు చేయును. ఇతరుల గదులను చల్లబరచుటకు తాను మిద్దెలమీద ఎండలో నిలువవలెను. వేసవిలో మధ్యాహ్నము పండ్రెండునుండి నాలుగు గంటలవరకు ఆరుబయట పని చేయించరాదని 2007నుండి అచట నిబంధన గలదు. నాలుగు గంటలకు సూర్యుడు చల్లబడునా యని వాడు నవ్వును. ఒక గదిలో ఆరుగురు; అంతస్తుల మంచములు; వంతులవారీగా వంట. పోవుటకు తెచ్చిన అప్పు తీరుటకు రెండున్నర యేండ్లు పట్టినది. పదునారు సంవత్సరములలో వాడు ఆరు మారులు ఇంటికి వచ్చినాడు. వచ్చినపుడెల్ల రెండేసి నెలలు. మొత్తము పండ్రెండు నెలలు. వాని కూతురునకు నేడు పదునాలుగేండ్లు. ఆ బిడ్డ మా బడిలోనే చదువుచున్నది. ప్రగతి పత్రముమీద ‘తండ్రి లేక సంరక్షకుడు’ అను చోట నేను సంతకము చేయునపుడెల్ల, ‘లేక’ అను ఆ చిన్న మాట యొద్ద నా కలము ఆగును.

కుటుంబమును వెంట తీసికొనిపోగూడదా యని చదువరులు అడుగవచ్చును. అందులకు జీతము ఒక మేరకు మించి యుండవలెను. కూలివాని జీతమునకు ఆ మేర అందదు. పని నచ్చనిచో మారగూడదా యనవచ్చును. 2009లో బహ్రెయిను ప్రభుత్వము, కఫీలు అనుమతి లేకయే పనివాడు వేరొక యజమానియొద్దకు మారవచ్చునని నియమము చేసినది. గల్ఫు దేశములలో అది మంచి ముందడుగు. కాని 2011లో, ఒక యేడు పనిచేసిన పిదప మాత్రమే యని దానిని కుదించిరి. పనివానికి మొదటి యేడే కదా కష్టమైనది! అప్పు నెత్తిమీద నుండునది ఆ యేడే. తప్పించుకొని బయటపడినవానికి కాగితము లుండవు. అట్టివానిని మావారు ‘ఖల్లివల్లి’ అందురు. వినుటకు పాటవలె నుండు ఈ మాట వెనుక, వైద్యునియొద్దకు పోజాలని, ఇంటికి రాజాలని మనుష్యు డుండును.

ఇట్లుండగా గత వేసవిలో సిరిసిల్లనుండి మా అక్క, తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చినది. బావ నాలుగు సాంచాలమీద ఆసామి. మేనల్లుడు హోటలు పనిలో శిక్షణ పొంది కరీంనగరములో రెండేండ్లు వంటశాలలో పనిచేసినాడు. మాల్టాలో వంటవాని కొలువు చూపెదనని ఒక ఏజెంటు ఏడు లక్షలు అడిగినాడట. ఇరువది గుంటల భూమి అమ్మి కొంతయు, మిత్తికి తెచ్చి కొంతయు ఇత్తురట.

“తమ్ముడా, నువ్వు ఇంగిలీషు చదివినోనివి. ఈ కాయితం జర చూడు. సంతకం పెట్టుమంటున్నరు,” అని అక్క కవరు నా చేతి కిచ్చినది.

“ఇది గల్ఫు కాదు మామా. యూరపు. అక్కడ కఫీలు గిఫీలు ఉండరు. ఇంగిలీషు నడుస్తది. సముద్రం, ఎండ, మంచి దేశం,” అని పిల్లవాడు ఉత్సాహముతో చెప్పినాడు.

వాడు చెప్పినది అసత్యము కాదు. మాల్టా 316 చదరపు కిలోమీటర్ల చిన్న రాజ్యము. 1964వరకు ఆంగ్లేయుల పాలనలో నుండినందున ఆంగ్లము నేటికిని అచట అధికారభాషలలో ఒకటి. చట్టములు గలవు, న్యాయస్థానములు గలవు. నేను కాగితమును మొదటినుండి తుదివరకు రెండుమారులు చదివితిని. జీతము నెలకు వేయి యూరోలు, అనగా మన లెక్కలో సుమారు లక్ష రూపాయలు. నాలుగవ పుటలో, వసతి ఖర్చు జీతమునుండి కోయబడునని యున్నది. ఎంత యని లేదు. ఆరవ పుటలో, ఏడాదిలోపల కొలువు మానినచో యజమాని పెట్టిన వ్యయమును పనివాడే తిరిగి కట్టవలెనని యున్నది. ఏజెంటు పేరున్నది గాని రిజిస్ట్రేషను సంఖ్య లేదు. విదేశాంగశాఖవారి ఈ-మైగ్రేట్ పట్టికలో వెదకితిమి. ఆ పేరు కానరాలేదు.

ఇచట చదువరులు తెలిసికొనవలసిన సంగతి ఒకటి గలదు. 1983 నాటి వలస చట్టము ననుసరించి, రిజిస్ట్రేషను లేనివాడు విదేశపు కొలువులకు మనుష్యులను కుదుర్చుట నేరము. రిజిస్ట్రేషను గలవాడైనను పనివానియొద్ద ముప్పది వేల రూపాయలును దానిపై పన్నును మించి పుచ్చుకొనరాదు. ఏడు లక్షలకును ముప్పది వేలకును గల దూరమే మా ప్రాంతపు దుఃఖము యొక్క కొలత. పదవ తరగతి తప్పినవాడు గల్ఫు మొదలైన పదునెనిమిది దేశములకు పోవునపుడు, వాని ఒప్పందమును ప్రభుత్వాధికారి పరీక్షించి అనుమతి నీయవలెను. పది లక్షల రూపాయల ప్రమాద బీమా కూడ వానికి విధిగా చేయవలెను. నా తమ్ముడు లెక్కలలో తప్పినవాడు గనుక వాని పాసుపోర్టు అట్టిదే. మేనల్లుడు చదివినవాడు, పైగా మాల్టా ఆ పదునెనిమిదింటిలో లేదు. కనుక వాని కాగితమును ఏ యధికారియు చూడడు. చదువు వలన ద్వారము తెరచుకొనినది. కాని దానితో ద్వారపాలకుడును లేచిపోయినాడు. కావలివాడు లేని వాకిట తన కాగితమును తానే చదువుకొనవలెను. చదువనగా పరీక్షలో నెగ్గుట మాత్రమే యనుకొను మన యిండ్లలో ఈ విద్యను నేర్పువారెవరు?

శుక్రవారము తమ్మునికి సెలవు. ఆ సాయంకాలము ఫోనులో సంగతి యంతయు చెప్పితిమి. వాడు భూమి మాట గాని జీతము మాట గాని ఎత్తలేదు. మేనల్లుని పిలిచి మూడు ప్రశ్నలు అడిగినాడు.

“అల్లుడా, నీ పాసుపోర్టు ఎవల దగ్గర ఉంటది? పని మంచిగ లేకుంటె ఇంకో తాన చేరనిస్తరా, ఎన్ని రోజులు టైమిస్తరు? రేపు పెండ్లయితె నీ పెండ్లాన్ని ఎప్పుడు తోలుకపోవస్తది?”

“అడగలే చిన్నమామా,” అన్నాడు పిల్లవాడు.

“అయితె అడుగు. నేను పోయేటప్పుడు జీతం ఒక్కటే అడిగిన.”

నేను సంస్కృతమున నీతిశాస్త్రములు చదివితిని. ఆంగ్లమున స్వాతంత్ర్యమును గూర్చిన గ్రంథములు చదివితిని. పదవ తరగతి తప్పిన నా తమ్ముడు మిద్దెలమీద పదునారు వేసవులు నిలిచి కట్టిన ఈ మూడు ప్రశ్నలలో వాని సారమంతయు వచ్చినది. రాకపోకలు తన చేతిలో నుండుట, యజమానిని విడువగలుగుట, తనవారితో కలిసి యుండుట. ఈ మూడును గలవాడు ఏ దేశములో నున్నను గృహస్థుడు. ఇవి లేనివాడు బంగారపు దీవిలో నున్నను బందీయే.

ఆ ప్రశ్నలనే మేనల్లుడు మరునాడు ఏజెంటును అడిగినాడు. “ఇన్ని అడిగేటోడు ఇంట్లనే ఉండాలె,” అని అతడు కసరినాడట. రెండవ ప్రశ్నకు సమాధానము మేమే వెదకి తెలిసికొంటిమి. కొలువు పోయిన విదేశీయుడు వేరొక యజమానిని వెదకుకొనుటకు మాల్టాలో చిరకాలము పది దినములే గడువు. 2025లో దానిని పెంచిరి. ఏడు లక్షలకు నూటికి రెండు రూపాయల వంతున నెలకు పదునాలుగు వేలు మిత్తియే యగును. ఆ బరువు మోయువాడు గడువు పెరిగినను యజమానిని ఎదిరింపగలడా? స్వేచ్ఛ చట్టములో నుండవచ్చును. అప్పు దానిని పెట్టెలో పెట్టి తాళము వేయును. మా అక్క కవరును మడిచి సంచిలో పెట్టుకొని, “భూమి ఎటుపోదు,” అన్నది. పిల్లవానికి కన్నీరు వచ్చినది. వాని ఆశ తప్పు కాదు గనుక నేను వానిని మందలింపలేదు. రాష్ట్ర ప్రభుత్వమువారి టామ్‌కామ్ సంస్థలో పేరు వ్రాయించుకొని, ఆంగ్లమును మెరుగుపరచుకొనుచు వాడిప్పుడు ప్రతి ఆదివారము నాయొద్దకు వచ్చి ఒక ఒప్పందపత్రమును చదువుచున్నాడు. రేపు మాల్టాకే పోవునేమో. పోవలెననియే నా కోరిక. కాని అప్పుతో కాక ప్రశ్నలతో పోవలెను.

వలస పోవుటయే చెడ్డదని నేను చెప్పుట లేదు. మన జాతికి అట్టి చాదస్తము తగదు. హిందూమహాసముద్రములోని మారిషసు దీవికి పందొమ్మిదవ శతాబ్దమున మన తెలుగు కూలీలు పోయిరి. కాకినాడ దాపున కోరంగి రేవునుండి ఓడ యెక్కినందున వారిని కోరంగివా రని పిలిచిరి. 1834లో అచట ఆరంభమైన ఆ ఒప్పందపు కూలి పద్ధతి బానిసత్వమునకు దాయాది. దానిని పొగడువా డెవడును లేడు. అయినను వారిలో స్త్రీలును ఉండిరి, బిడ్డలు పుట్టిరి, ఒప్పందము తీరిన పిదప అచటనే నిలుచుటకు వీలుండెను. అందుచేత చెరకుతోటలో కూలిగా దిగినవాని మునిమనుమలు నేడు ఆ దేశపు పౌరులు. ఉగాది అచట ప్రభుత్వపు సెలవుదినము. గల్ఫులో మనవారు అర్ధశతాబ్దిగా మహానగరములు కట్టుచున్నారు. వారిలో ఎవని మనుమడును అచటివాడు కాలేదు. కష్టములో భేదము లేదు. కాపురమునకు చోటిచ్చుటలో భేదమున్నది.

ఇక చదువుకొన్న గృహస్థులకు నా మనవి. మీ యింటనో, మీ వీధిలోనో ఒక పిల్లవాడు దీవికి పోవుటకు కాగితము పట్టుకొని రాగలడు. వానిని ఆశీర్వదించుటకు ముందు ఆ కాగితమును చదివి పెట్టుడు. ఏజెంటు సంఖ్యను పట్టికలో చూడుడు. మూడు ప్రశ్నలు అడుగుడు. పోయినవాడు పంపు సొమ్ము వాని భార్య పేరనే బ్యాంకులో పడునట్లు చేయుడు. మా యింట మొదటినుండియు అట్లే జరుగుచున్నది గనుక నా మరదలు ఎవరి యెదుటను చేయి చాచలేదు. ఆమె బీడీల చాట మానలేదు. అడిగినచో, “ఇది నా సంపాదన బావా, అది ఆయన సంపాదన,” అనును. భర్త దూరమున నున్న స్త్రీని సగము విధవవలె చూచు వాడుకను మనము మానవలెను. మగడు రెండంతస్తుల మేడ కట్టించెనని పొగడుచు, ఆ మేడలో ఎన్ని రాత్రులు నిద్రించెనని అడుగని మన మర్యాదను కూడ మానవలెను.

మా ప్రాంతమున ప్రతి యింట పంపిన సొమ్మునకు లెక్కపుస్తక మున్నది. దాని ప్రక్కనే మరియొక పుటలో, కలిసి గడిపిన దినముల లెక్కను కూడ వ్రాసి యుంచుడు. మా తమ్ముని పుటలో పదునారేండ్లకు పండ్రెండు నెలలు వచ్చినవి. మీ పుటలో ఎన్ని వచ్చునో చూచుకొనిన పిదపనే, ఏ దీవి ఎండ మంచిదో మాటలాడుకొందము.